పడుగు వెనక నిలబడ్డవాడు

పోయిన వారం రాజలింగును చీకటి గదిలో, ఎర్రదీపం ముందు నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఏడు రోజులుగా అక్కడే ఉన్నాడాయన. చేతిలో తడి ఆరని గాజుపలక, ఆ పలకలో అందరూ చచ్చిపోయాడనుకున్న మనిషి. కొత్తగా ఈ వాకిట్లోకి వచ్చినవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పి అప్పుడు తలుపు తీస్తాను.

అది నలభై ఎనిమిది ఎండాకాలం. సర్కారు హద్దు పొడుగునా నాకాలు, అంటే కావలి చౌకీలు, లేచాయి. ఊళ్ల చుట్టూ ముళ్లకంచెలు లేచాయి. మనుషుల మధ్య ఏం లేచాయో వేరే చెప్పనక్కర్లేదు. అట్లాంటి రోజుల్లో హైదరాబాదు నుంచి దిగిన ఒక నాజిం సాహెబుకు, పాతకట్టడాల శాఖ పెద్దకు, వరంగల్లు గోడల మీద ప్రేమ పుట్టింది. పై దేశాల పత్రికలవాళ్లు వస్తున్నారట, వాళ్ల చేతిలో ఒక ఆల్బం పెట్టాలట. కోటగోడలు, దర్వాజాలు, హద్దు దగ్గరి నాకాలు అన్నీ అందులో ఉండాలి. అది తిరగేసినవాడు ‘ఈ రాజ్యం ఎంత భద్రంగా ఉంది, షికారుకు రావచ్చు’ అనుకోవాలి. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగినట్టుంది కదూ. కాని సాహెబు చెడ్డవాడు కాదు. గోడంటే ఆయనకు నిజంగానే గౌరవం, అంతే.

స్టేషన్ రోడ్డులో ఫోటో దుకాణం నడిపే రాజలింగుకు ఆ పని పడింది. పుట్టింది పద్మశాలి ఇంట్లోనే అయినా మగ్గం వదిలి కెమెరా పట్టినవాడు. ఆ పొద్దున ఖిలాలో, అంటే వరంగల్లు కోటలో, మట్టికోట గోడ వెంట పడుగు, మగ్గానికి ఎక్కించే నిలువు నూలు, చాపి ఉండగా ఫోటో తీసుకొచ్చాడు. కడిగి చూస్తే పడుగు వెనక పర్శరాములు ఉన్నాడు. పర్శరాములు ఆయనకు బావ, చెల్లెలు విమలమ్మ మొగుడు. సర్కారు మీద తిరగబడ్డ సంఘంలో తిరిగినవాడు. హద్దు దగ్గర తూటా తగిలి పోయాడని కార్తీకమాసంలో కబురు వస్తే, శవం లేకుండానే దినాలు చేశారు.

ఇదీ సంగతి. ఇక తలుపు తీస్తున్నాను.

రాజలింగుకు మొదట వచ్చిన అనుమానం, ఒకే పలక మీద రెండుసార్లు ఫోటో పడిందేమోనని. కొత్తల్లో ఆ తప్పు ఆయన చేసినవాడే. ఒక పటేలు పెళ్లిఫోటోలో పెళ్లికొడుకు నెత్తి మీద బర్రె నిలబడింది. ఆ పటేలు ఇప్పటికీ పలకరించడు. కాని బావకు తాను ఒక్కనాడు కూడా ఫోటో తీయలేదు. తీస్తానంటే ‘ఫోటోకు ఆయుష్షు తగ్గుతదంట బావా, నీ దుకాణం నడువనీకి నా ఆయుష్షెందుకు’ అని నవ్వి తప్పించుకునేవాడు. కాబట్టి ఇది పాత బొమ్మ కాదు. ఈ పొద్దుటిదే.

ఎట్లా జరిగిందో పలకే చెబుతోంది. పొద్దు పొడవకముందే పోశవ్వ, అంటే పర్శరాములు తల్లి, గోడ నీడలో పడుగు చాపింది. గంజి పెట్టి, కుంచెతో దువ్వి, ఎండ ముదరకముందే చుట్టుకోవాలి. సాహెబు వచ్చి అందరినీ ఆపాడు. కెమెరా వైపు చూడండి, ఎవరూ కదలకండి, పడుగును ముట్టకండి అన్నాడు. గోడ ఎంత ఎత్తో చూసేవాళ్లకు తెలియాలని పలకలు అందించడానికి అన్నతో వచ్చిన విమలమ్మను పిలిచి పడుగు ముందు నిలబెట్టాడు. కదలకు చెల్లె అని రాజలింగు కూడా అన్నాడు. సరిగ్గా అప్పుడే ఆమె వెనక, గోడ వైపు, ఒక పోగు తెగింది. తెగిన పోగు గంజిలో అట్లాగే ఎండితే పక్కపోగులకు అంటుకుని పడుగంతా చిక్కుపడుతుంది. అక్కడున్న నేతగాళ్లందరికీ ఆ సంగతి తెలుసు, ఒక్కరు కూడా కదలడానికి లేదు. కదలొద్దన్న మాట వర్తించని మనిషి ఒక్కడే ఉన్నాడు. వాడు గోడలోంచి వచ్చి పోగు ముడి వేశాడు. రాజలింగు కెమెరా నల్లగుడ్డ కింద ఉన్నాడు, సాహెబు కళ్లు గోడ పైఅంచు మీద ఉన్నాయి.

ఎంత తెలివితక్కువ పని. పోలీసు జవాన్లు కూతవేటు దూరంలో ఉన్నారు. ఆరు నెలలు ఊపిరి బిగబట్టి దాక్కున్నవాడు ఒక్క నూలుపోగు కోసం బయటికి వస్తాడా అని మీరడగొచ్చు. మగ్గం మీద పుట్టినవాడైతే వస్తాడు. మన రాజలింగు మగ్గం వదిలి ఎన్నేళ్లో అయింది, ఇప్పటికీ ఎవరింట్లోనైనా తెగిన పోగు కనబడితే చేయి దానంతటది పోతుంది. ముడి వేసేవాడు కదలడు కాబట్టి పర్శరాములు పలకలో అందరికంటే స్పష్టంగా పడ్డాడు.

“అన్నా, కడుగుడు అయిందా? రావొచ్చునా?” తలుపు బయటి నుంచి విమలమ్మ అడిగింది.

గాజులు పోయిన దగ్గర్నుంచి ఆమె అన్న ఇంట్లోనే ఉంటోంది. పలకలు కడగడం, ఫోటోలు అట్టలకు అంటించడం ఆమె పని. చెప్పకుండా చీకటి గదిలోకి రాకూడదని తెలిసిన మనిషి.

“ఆగు, రాకు,” అన్నాడు రాజలింగు. ఆ గొంతు విని ఆమె లోపలికి వచ్చేసింది.

నెగెటివులో తెలుపు నలుపవుతుంది, నలుపు తెలుపవుతుంది. కొత్తవాళ్లకు దయ్యాల్లా కనిపిస్తారు గాని ఆమెకు అలవాటే. ఎవరైనా ఫోటోలో మొదట వెతికేది తమ ముఖాన్నే. ఆమె కూడా తననే చూసుకుంది.

“నేను గింత బక్కగైననా,” అంది. తర్వాత ఆమె చూపు తన భుజం మీదుగా వెనక్కి పోయింది. అక్కడే ఆగిపోయింది.

“గీయన ఎవరన్నా?”

“ఎవరో కూలికొచ్చిన కైకిలోడు.”

“కైకిలోడు పోగు కొసను ఆయన లెక్క పండ్లతోని పట్టుకుంటడా?”

ఆమె అరవలేదు, పడిపోలేదు. వేలు పలకకు తగలకుండా గాలిలో ఆ మనిషి నెత్తి మీదుగా ఒకసారి తిప్పింది.

“గీ జాగల నేనున్న. గీడ ఆయన ఉన్నడు. చెయ్యి చాపితే అందేటంత దూరం. నువ్వు కదలకు చెల్లె అన్నవు. నేను కదలలే.”

చెల్లెలి బతుకును తన నోటితో తానే ఆపినట్టయింది రాజలింగుకు. ఏడుపు వచ్చింది గాని ఏడవడానికి కూడా సిగ్గేసింది.

“నీకు ముందుగాల తెలుసా?” అంది విమలమ్మ.

“అవ్వ మీద ఒట్టు. గిప్పుడే చూసిన.”

“మరి ఎవలకు తెలుసు?”

అడిగిన మరుక్షణమే ఇద్దరికీ ఒకే సంగతి గుర్తొచ్చింది. పొద్దున సాహెబు విమలమ్మను పిలిచినప్పుడు పోశవ్వ అడ్డం పడింది. ‘ఆమె వద్దు సాబ్, ఇంకెవలనన్న నిలబెట్టు’ అంది. విధవ పడుగు ముందు నిలబడకూడదని అత్త అంటోందనే అందరూ అనుకున్నారు. విమలమ్మ కూడా అట్లాగే అనుకుని కళ్లనీళ్లు మింగుకుంది. ఇప్పుడు ఆ మాటకు అర్థం వేరుగా తేలింది.

పలకను నీడలో ఆరబెట్టి, దుకాణానికి తాళం పెట్టి, ఇద్దరూ జట్కా ఎక్కారు. సాహెబు మనిషి ఫోటో కోసం మధ్యాహ్నం దాటాక వస్తాడు. రైలుపట్టాలు దాటి ఖిలా దారిలో పడగానే మట్టికోట కనబడింది. గడ్డి ఎండి, గట్టులాగా, దూరానికి అమాయకంగా ఉంటుంది ఆ గోడ. సాహెబు దాన్ని చూస్తే ఛాతీ ఉప్పొంగుతుంది. బయటి దేశాలవాళ్లు చూస్తే బాగుందంటారు, పక్కన నిలబడి ఫోటో దిగుతారు. విమలమ్మకు మాత్రం దాని మీద ఇంత కోపం ఎన్నడూ రాలేదు. రెండు చేతులతో తవ్వి పారేయాలనిపించింది. ఇంతకాలం మొగుడు హద్దు అవతల ఎక్కడో మట్టిలో ఉన్నాడని ఏడ్చింది. ఉన్నది ఈ మట్టిలో, తాను కాపురం చేసినన్నాళ్లూ నీళ్లకు పోయిన దారిలో.

పోశవ్వ వాకిట్లో రాట్నం ముందు కూచుని కండెలు చుడుతోంది. కోడలి ముఖం చూసి రాట్నం ఆపింది.

“ఎవలు చెప్పిండ్రు?” అంది.

“ఫోటో చెప్పింది.”

“రాజలింగూ, తలుపు దగ్గరికెయ్యి బిడ్డా.”

రాజలింగు తలుపు మూశాడు. విమలమ్మ నిలబడే ఉంది.

“నా గాజులు పలుగగొట్టింది నువ్వే గద అత్తా. బండ మీద నా చెయ్యి పెట్టించి కొట్టినవు. రక్తమొస్తె పసుపు నువ్వే అద్దినవు. గప్పుడు ఆయన యాడున్నడు?”

“గోడల.”

“బతికేనా?”

“బతికే.”

పోశవ్వ తల దించుకోలేదు. తల దించుకుంటే బాగుండేదేమో, ఆమెను తిట్టడానికి మనకు వీలుండేది.

“విను బిడ్డా,” అంది. “పదోనాడు పోలీసు అమీన్ సాబు గీ వాకిట్లకొచ్చి మంచమేసుకొని కూసున్నడు. శవం లేదు. నమ్మెటట్టు లేడు. నేనేడుస్తాంటె నా దిక్కు చూసి, ముసల్ది నాటకమాడుతాంది అన్నడు. తర్వాత నీ దిక్కు చూసిండు. నువ్వు నేల మీద పడి మన్ను బుక్కుతాన్నవు. జరసేపు చూసి లేచి పోయిండు. మళ్ల గీ గడప తొక్కలే.”

“నాకు చెప్పకపోతివి. చెప్తె నేను ఏడ్వనా?”

“ఏడ్చేదానివే. గట్ల ఏడ్వకపోదువు.”

పోశవ్వ మీద నాకూ కోపమే. ఒక ఆడదాని ఏడుపును తీసుకుపోయి కొడుక్కి కప్పిన మనిషిని ఏమనాలి? కాని ఆ కొడుకు ఈ రోజుకు ఊపిరి తీస్తున్నాడంటే ఆ కప్పినదాని వల్లనే. ఇంట్లో ఉన్న ముగ్గురికీ అది తెలుసు. తెలిసినందుకే ఎవరికీ తిట్టు నోటికి రాలేదు.

పోశవ్వే మళ్లీ అందుకుంది. కాలిలో దెబ్బ తగిలి, దేక్కుంటూ వచ్చాడట. గోడలో వానకు కోసుకుపోయిన గొయ్యి ఒకటుంది, ముందర తంగేడు పొదలు. అక్కడ దాచింది. దవాఖానకు తీసుకుపోయే దారి లేదు. కాలు చీము పట్టి వాచింది, గోడ పట్టుకుని నాలుగడుగులకు మించి వేయలేడు. రోజు విడిచి రోజు గోడ దగ్గర పడుగు పెట్టుకునేది అందుకే. గంజి ముంత పట్టుకుని పోతుంటే ఎవరికీ అనుమానం రాదు. సగం పడుగుకు, సగం కొడుక్కు.

“నా గాజులు పోయిన సంగతి ఆయనకెర్కేనా?” అంది విమలమ్మ.

ఇంతసేపు గట్టిగా ఉన్న ముసలమ్మ అప్పుడు తడబడింది. “ఎర్కలేకుండె. నీకు అన్ని చెప్పిన్నని వానితోని అన్న. అన్న ఇంట్ల సల్లగున్నవు, జర ఓర్సుకొమ్మని కబురంపినవు అని చెప్పిన. గదే నమ్ముకొని పండుకునేటోడు.”

“ఎర్కలేకుండె అంటున్నవు. గిప్పుడు?”

“పొద్దుగాల పోగు ముడేసి లోపలికి పోయిండు. మీరంత పోయినంక నేను గంజి ఇయ్యబోతె, దాని చేతులకు గాజులెందుకు లేవే అవ్వా అన్నడు. వెనుకనుంచి నీ చేతులు చూసిండు. చెప్పక తప్పలే. గప్పటి సంది గంజి ముట్టలే. గోడ దిక్కు తిరిగి పండుకున్నడు.”

విమలమ్మ కింద కూచుంది. ఆరు నెలలుగా ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న ఇద్దరికీ చెరో అబద్ధం చెప్పి బతికించింది ఈ తల్లి. రెండు అబద్ధాలూ ఒకే రోజు తెగిపోయాయి. ఆమెకు సంతోషమూ దుఃఖమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. మొగుడు బతికి ఉన్నాడన్న మాట తెలిసిన రోజున ఏ ఆడదైనా పసుపు రాసుకుని గుడికి పోతుంది. ఆమె వట్టి మణికట్లను ఒళ్లో దాచుకుంది.

“ఒక్కసారి చూస్త అత్తా. మాట్లాడ. దూరంకెల్లి చూస్త.”

“వద్దు.”

“నీ కాళ్లు మొక్కుత.”

“చూస్తె నీ మొఖం మారుతది బిడ్డా. గీ ఊర్ల అందరు నీ మొఖమే చూస్తాండ్రు. వాని కాలు జర ఆనేదాక నాకు గీ మొఖమే కావాలె.”

“మారింది అత్తా. మారిపోయింది గద.”

పోశవ్వ కోడలి ముఖంలోకి చూసింది. నిజమే. ముసలమ్మ కళ్లలో మొదటిసారి భయం కనబడింది. కోడలి వైపు నుంచి చూపు తిప్పుకుని రాజలింగును అడిగింది, “ఆ ఫోటో ఎవలెవలు చూసిండ్రు?”

“మేమిద్దరమే.”

“పలుగగొట్టు. చెయ్యి జారిందని చెప్పు.”

“పలుగగొడితె రేపు మళ్ల గోడకాడికే తీస్కపోతడు సాహెబు, జవాన్లతోని సహా. ఆ గోడ బొమ్మ లేంది ఆయన ఆల్బం కాదు. పలక ఉండాలె, మనిషి ఉండొద్దు. గీకెయ్యాలె.”

‘గీకెయ్యాలె’ అన్న మాట వినగానే విమలమ్మ అన్న వైపు చూసింది. పెళ్లయిన దగ్గర్నుంచి ఆమెకొక కోరిక ఉండేది, మొగుడూ తానూ పక్కపక్కన ఒక ఫోటో. అన్నకే ఫోటో దుకాణం ఉండి కూడా తీరలేదు. ఇద్దరూ ఒకే పలకలో పడడం ఈ పొద్దుననే మొదటిసారి.

“నేను గీకుత,” అంది.

దుకాణానికి వచ్చేసరికి పలక ఆరిపోయింది. రాజలింగు దాన్ని వాలుబల్ల మీద పెట్టి, వెనక నుంచి అద్దంతో వెలుతురు పడేటట్టు చేసి, సన్నకత్తి తీశాడు. ఈ పనిలో ఒక సంగతి ఉంది. పలక మీద గీకిన చోట కాగితం మీద నలుపొస్తుంది. మందు పూసి కప్పితే తెలుపొస్తుంది. తెల్లటి మనిషి ఆకారం గోడ మీద దయ్యంలా నిలబడితే పిల్లలు కూడా కనిపెడతారు. నలుపు చేస్తే, పక్కనే పొదల కింద చీకటి ఉంది కాబట్టి అందులో కలిసిపోతుందని ఆయన లెక్క వేశాడు.

“ముందుగాల ఒక్క కాయితం మీద తీసి ఇయ్యన్నా. యాడనన్న దాసుకుంట,” అంది విమలమ్మ.

“వద్దు చెల్లె. రజాకార్లు పోలీసోళ్లు ఎప్పుడంటె అప్పుడు ఇండ్లు సోదా చేస్తాండ్రు. దొరికితె ఆయన ప్రాణం పోతది, నీది కూడ.”

ఆమె మళ్లీ అడగలేదు. కత్తి తీసుకుంది. మొదట పాదాలు గీకింది. వాచిన కాలు వంకరగా పెట్టి ఉన్నాడు, ఆ కాలు దగ్గర కాసేపు ఆగింది. తర్వాత ధోతి, తర్వాత డొక్కలు. ఒక్కో గీతకు సన్నటి పొట్టు లేచి ఆమె వేళ్లకు అంటుకుంటోంది. చేతుల దగ్గరికి వచ్చేసరికి ముడి వేస్తున్న వేళ్లు ఉన్నాయి. వాటిని కూడా తీసేసింది. అన్న పక్కన నిలబడి తన చేతులు నలుపుకుంటున్నాడు.

“మొఖం నేను గీకుత, ఇటియ్యి,” అన్నాడు.

“వద్దు. నేనే.”

ముఖం చాలాసేపు పట్టింది. కళ్లు తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. పగలగొట్టిన గాజులు ఒకరు పగలగొట్టినవి. ఇది మాత్రం తన చేత్తో తాను చేసింది. అట్లా అని ఆమె అననూ లేదు, అనుకోనూ లేదేమో. నేనంటున్నాను, ఎందుకంటే ఆ గదిలో ఉన్న ఇద్దరికీ అనే శక్తి లేదు.

అచ్చు తీశారు. కాగితం నీళ్లలో తేలుతుండగా ఇద్దరూ దాని మీదికి వంగారు. గోడ ఉంది, పడుగు ఉంది, ముందు విమలమ్మ ఉంది. పర్శరాములు లేడు. ఆయన ఉన్న చోట పొడుగ్గా, పైన గుండ్రంగా నల్లని నీడ.

“కనబడడు,” అన్నాడు రాజలింగు, పొద్దుటి నుంచి మొదటిసారి నిండా ఊపిరి తీసి.

“కనబడడు,” అంది విమలమ్మ.

దేనికోసం వెతుకుతామో కళ్లు దాన్నే చూస్తాయి. వాళ్లు మనిషి కోసం వెతికారు, లేడు. చాలనుకున్నారు. ఉన్నదేమిటో చూడలేదు.

సాహెబు మనిషి వచ్చి తడి ఆరీ ఆరని ఫోటోను పట్టుకుపోయాడు. అన్నాచెల్లెళ్లు ఇద్దరూ అన్నం సంగతి మరిచిపోయి దుకాణం ముందర బల్ల మీద కూచున్నారు. మడమ వాపుకు ఏం కడితే తగ్గుతుందో, మంథెన దిక్కు నమ్మకమైన వైద్యుడు ఎవరున్నారో రాజలింగు మెల్లగా చెబుతున్నాడు. బండి మీద నూలుమూటల మధ్య పడుకోబెట్టి ఊరు దాటించవచ్చని కూడా అన్నాడు. విమలమ్మ వింటోంది. ఎన్నో నెలల తర్వాత ఆమెకు రేపు అనేది ఒకటి ఉందనిపించింది. ఆ కాసేపు ఆమెను అట్లాగే కూచోనిద్దాం, మళ్లీ దొరకదు.

ఎండ ఇంకా ఉండగానే సాహెబు మోటారు వచ్చి దుకాణం ముందు ఆగింది. మనిషిని పంపడం కాదు, ఆయనే దిగాడు. విమలమ్మ లేచి లోపలి గడప దగ్గరికి జరిగింది. సాహెబు చేతిలో ఆ ఫోటో ఉంది, ముఖం వెలిగిపోతోంది.

“రాజలింగూ, కమాల్ చేసినవ్. ఎన్ని కోట పటాలు, నక్షలు చూసినా, గీ దర్వాజా ఒక్క నక్షల లేదు.”

“ఏ దర్వాజా సాబ్?”

సాహెబు ఫోటోను బల్ల మీద పెట్టి వేలితో చూపించాడు. రాజలింగు అప్పుడు చూశాడు. పొడుగ్గా, పైన గుండ్రంగా, సరిగ్గా ఒక మనిషి పట్టేంత నలుపు. మట్టిగోడలో తెరిచి ఉన్న ద్వారం. చంటిపిల్లవాడిని అడిగినా తలుపనే అంటాడు.

“అది నీడ సాబ్. పొద నీడ,” అన్నాడు.

“నీడ ఎట్లయితది? పొద్దు అటుదిక్కుంటె నీడ ఇటు పడాలె గద.” సాహెబు నవ్వాడు. పాఠం చెప్పే పంతులు నవ్వు, అందులో ఏ కపటమూ లేదు. “చోర్ దర్వాజా ఇది, దొంగదారి. పాత జమానాల సిపాయిల లష్కర్ బయటికి పోయేటందుకు పెట్టింటరు. పై దేశాల మెహ్మాన్లు రేపు దిగుతాండ్రు. వాళ్లకు ఇంతకంటె ఏం కావాలె? గోడ బయట నిలబడి చూసుడు వేరు, గోడ లోపలికి పోయి చూసుడు వేరు.”

“లోపల పాములుంటయ్ సాబ్. మీరు పోవద్దు. రేపు నేనే పోయి చూసొస్త.”

“ఫికర్ చెయ్యకు. కూలోళ్లను పంపిన, పొదలు కొట్టి సాఫ్ చెయ్యమని. తోడుగ జవాన్లు పోయిండ్రు. పామున్నా, ఇంకేమున్నా, పొద్దు గూకేలోపల బయటపడ్తది.”

రాజలింగు గడప వైపు తిరిగాడు. విమలమ్మ లేదు. వెనకతలుపు తెరిచి ఉంది. దానికి అవతల రోడ్డు, రోడ్డు చివర రైలుపట్టాలు. కొంగు నడుముకు చుట్టి, ఖిలా దిక్కుకు ఆమె పరుగెత్తుతోంది.

రాజలింగు చూపు వెంటే సాహెబు చూపు కూడా అటు పోయింది. కళ్లజోడు సరిచేసుకుని కాసేపు చూశాడు. తర్వాత బల్ల మీది ఫోటోను, అందులో గోడ ముందు నిలబడ్డ ఆడమనిషిని చూశాడు. ఆయన ముఖంలో నవ్వు మెల్లమెల్లగా తగ్గింది.

“రాజలింగూ,” అన్నాడు, “ఆ అమ్మ ఎందుకు ఉరుకుతాంది?”